సీతాఫల్‌మండి క్లినిక్‌లో సముద్రపు చేపలు

సీతాఫల్‌మండి,
సికింద్రాబాద్.

అన్నయ్యకు, వదినకు మీ సుశీల వందనాలు.

దేవుని దయవల్ల నేను ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నాను. మీరంతా కూడా అలాగే ఉన్నారనుకుంటున్నాను. వదిన మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నేను పంపిన తైలం రాసుకుంటోందా, సీసాను కిటికీలో పెట్టి చూసుకుంటోందా? బుజ్జిగాడికి జ్వరం తగ్గిందని విని మనసు కుదుటపడింది. ఇక్కడ ఎండలు ముదిరాయి. రోజూ కరెంటు పోతోంది. కూరల్లో కారం మాత్రం మన చీరాల కారం కాదు. అయినా బాగానే తింటున్నాను, దిగులు పెట్టుకోవద్దు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నన్ను నువ్వు మాట్లాడనివ్వవు. మొన్న "పంటి డాక్టరు దగ్గర చేపల తొట్టి కడగడానికా అంత దూరం వెళ్ళింది? ఈ వయసులో ఇదేం పని? వచ్చేయ్" అని పెట్టేశావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయలేవు. పక్కన పడేసినా మళ్ళీ తీసి చదువుతావని నాకు తెలుసు.

అవును, చేపల తొట్టి కడిగాను. ఎందుకు కడిగానో విను.

క్లినిక్‌లో నా పని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, వరసలో పిలవడం. డాక్టర్ లతకు ముప్పై ఏళ్ళుంటాయి, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల. నన్ను ఆంటీ అంటుంది. వాళ్ళ నాన్నగారు పెట్టించిన నాలుగడుగుల అక్వేరియం హాల్లో ఉంది. అందులో పదకొండు గోల్డ్‌ఫిష్‌లుండేవి. నేను చేరిన వారంలోనే వాటికి మేత వేయడం, నీళ్ళు మార్చడం నా పనైపోయింది. ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను.

సంక్రాంతి దాటాక ఒకరోజు డాక్టరమ్మ, "ఆంటీ, దీన్ని ఉప్పునీళ్ళ ట్యాంక్ చేద్దామా? సముద్రం చేపలు ఎంత రంగుంటయో! పన్ను పీకుతమంటే పోరగాళ్ళు ఏడుస్తరు గదా, అవి చూస్తే జెర నోరు మూసుకుంటరు" అంది.

"నోరు మూసుకుంటే పన్ను ఎలా పీకుతారమ్మా?" అన్నాను. ఆ రోజంతా తలుచుకుని నవ్వింది.

చేపల దుకాణం యాదగిరిని పిలిపించింది. అతను తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, "గీ గోల్డ్‌ఫిష్‌లను మోరీల పారేయుండ్రి. నాలుగు రోజుల్ల కొత్త చేపలు తెస్త" అన్నాడు. బతికున్నవాటిని మురిక్కాలవలో పారేయమనేసరికి నాకు ఒళ్ళు మండింది. మోండా మార్కెట్లో మూతలున్న బకెట్లు రెండు కొని, పదకొండింటినీ ఆటోలో సైనిక్‌పురి తీసుకెళ్ళాను. అక్కడ మా పేషెంటు ఒకాయన, రిటైరైన సుబేదారు, పెరట్లో తామరల కోసం సిమెంటు తొట్టి కట్టించుకున్నాడు. పదకొండూ అందులో బతికే ఉన్నాయి, పోయిన ఆదివారం చూసి వచ్చాను.

తర్వాత పాత రాళ్ళు, మొక్కలు అన్నీ తీసేశాను. సబ్బు తగలకుండా అద్దాలు కడిగాను. అడుగున పగడపు ఇసుక పరిచాను. ఫిల్టరు నీళ్ళ క్యాన్లు తెప్పించి, బకెట్లలో సముద్రపు ఉప్పు కలిపి, ఉప్పదనం కొలిచే గొట్టంలో సరిగ్గా చూపించాకే తొట్టిలో పోశాను. "సముద్రం పక్కన పుట్టి ఉప్పు కొంటున్నావా?" అని వెక్కిరించావు కదా. మన రేవులో నీళ్ళు పడవల డీజిలుతో ఎలా ఉంటాయో నీకు తెలియదా?

అసలు కష్టం నీళ్ళు పోశాక మొదలైంది. డాక్టరమ్మ నెట్‌లో తీసి ఇచ్చిన కాగితాలు డిక్షనరీ పెట్టుకుని చదివాను. చేపల మలినం నీళ్ళలో విషమవుతుంది. ఆ విషాన్ని తినే సూక్ష్మక్రిములు ముందు తొట్టిలో పెరగాలి. మంచినీళ్ళలో పెరిగిన పాతవి ఉప్పులో సరిగా బతకవు, మళ్ళీ మొదటినుంచి పెంచుకోవాలి. దానికి వారాలు పడతాయి. అందుకని ఆ క్రిములకు మేతగా ఒక పచ్చిరొయ్యను వేసి కుళ్ళనిచ్చాను. రోజూ గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, పరీక్ష మందు చుక్కలు వేసి రంగు చూశాను. పసుపుగా ఉంటే విషం లేనట్టు, ఆకుపచ్చగా మారితే ఉన్నట్టు.

వచ్చినవాళ్ళందరికీ నవ్వులాటైంది. "ఏందమ్మా, చేపలు లేని ట్యాంకు చూస్తున్నవ్?" అని ఒకాయన, "చేప కూర వండుకున్నరా ఏంది?" అని ఇంకొకాయన. నా గొట్టం నేను చూసుకున్నాను.

మూడో వారంలో యాదగిరి రెండు కవర్లలో రెండు నీలం చేపలతో వచ్చాడు. డాక్టరమ్మకు కూడా ఓపిక అయిపోయింది. నేను వెళ్ళి తొట్టికి అడ్డంగా నిలబడ్డాను.

"వద్దమ్మా. పొద్దున కూడా చిక్కటి ఆకుపచ్చ రంగు వచ్చింది" అన్నాను.

"గా చుక్కల మందు ఉత్తదే మేడం," అన్నాడు యాదగిరి. "పదిహేనేండ్ల సంది ఇదే దందా చేస్తున్న. ఈమె నాకు నేర్పుతదా?"

"నేర్పడం లేదు బాబూ. చావకుండా చూడమంటున్నాను."

"జరగుండ్రి ఆంటీ," అంది డాక్టరమ్మ. "ఇది నా క్లినిక్."

హాలు నిండా జనం. జరిగాను, కానీ ఊరుకోలేదు. "మీ క్లినికేనమ్మా. వద్దని నేను చెప్పినట్టు గుర్తుపెట్టుకోండి" అని అందరి ముందే అన్నాను.

సాయంత్రానికి రెండు చేపలూ నీళ్ళ పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. బకెట్లో కొత్త ఉప్పునీళ్ళు కలిపి వాటిని అందులోకి మార్చాను. దక్కలేదు. డాక్టరమ్మ ఆ బకెట్ పక్కన చాలాసేపు కూర్చుంది. "గలతీ నాది ఆంటీ. ఇగ మీరు చెప్పినప్పుడే వేద్దాం" అంది. మర్నాడు యాదగిరికి ఫోన్ చేసి అదే మాట చెప్పింది.

ఇంకో నాలుగు వారాలు ఖాళీ తొట్టే. ఆ తర్వాత ఒక పొద్దున గొట్టంలో నీళ్ళు లేత పసుపుగానే ఉండిపోయాయి. వరసగా వారం రోజులు చూసుకుని, సరేనన్నాను. మద్రాసు నుంచి నారింజరంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు, పసుపు చేప ఒకటి వచ్చాయి. పన్ను పీకించుకోవడానికి వచ్చిన పాప ఒకతె ఇంటికి పోనని అద్దం పట్టుకుని కూర్చుంది.

అంతా నా గొప్పే అనుకోకు, నా తప్పూ చెబుతాను. ఎండకు నీళ్ళు ఆవిరైతే తగ్గినంత మళ్ళీ ఉప్పునీళ్ళే పోశాను. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు తొట్టిలోనే ఉంటుందని నాకు తట్టలేదు. ఉప్పు పెరిగిపోయి పసుపు చేప చచ్చిపోయింది. ఏడుపొచ్చింది. దాచి ఏ జబ్బో వచ్చిందనొచ్చు, అడిగేవాళ్ళు లేరు. కానీ డాక్టరమ్మ రాగానే ఎదురెళ్ళి, "నేనే చంపానమ్మా" అని చెప్పాను. ఆమె తొట్టిలోకి ఒకసారి చూసి, "ఇగ మంచినీళ్ళే పోద్దాం ఆంటీ" అంది. అంతే. మిగతా రెండూ గంతులేస్తున్నాయి.

ఇప్పుడు యాదగిరి ఎవరికైనా ఉప్పునీళ్ళ తొట్టి పెట్టాలంటే ముందు నాకు ఫోన్ చేస్తున్నాడు. "అమ్మా, జెర వచ్చి చూస్తరా?" అంటాడు. ఆదివారం ఆరాధన అయ్యాక వెళుతున్నాను.

అన్నయ్యా, ఆయన పోయాక మూడేళ్ళు మీ ఇంట్లో ఉన్నాను. ఏ రోజూ తక్కువ చేయలేదు, వదిన నా కంచంలో వడ్డించాకే తను తింది. మరచిపోను. కానీ ఆ మూడేళ్ళలో ఒక్కరోజు కూడా నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇక్కడ అడుగుతున్నారు. యాభై రెండేళ్ళకు నాకో పని చేతనైంది. నేను రాను. కోపం వస్తే రానీ, మళ్ళీ నేనే బతిమాలుకుంటాను. కానీ రాను.

ఒక్క పని చేసిపెట్టు. మెట్ల కింద నా ట్రంకుపెట్టె ఉంది కదా, దాన్ని లారీ పార్శిల్‌లో పంపించు. అందులోంచి ఏమీ తీయొద్దు, మొత్తం పంపించు. ఆ చోట వదిన బియ్యం బస్తాలు వేసుకోవచ్చు.

పాస్టరమ్మగారికి, పక్కింటి పెద్దమ్మకు నా వందనాలు చెప్పు. బుజ్జిగాడికి ముద్దులు. మీ ప్రార్థనల్లో నన్ను తలుచుకోండి, పెద్దవాడివి, నన్ను దీవించు.

ఇట్లు
నీ మాట విననందుకు నొచ్చుకోవద్దని కోరే నీ చెల్లెలు,
సుశీల