వెచ్చని సముద్రంలో నా చోటు

బస్టాండు వెనక వీధిలో కళ్ళద్దాల షాపు నడుపుతూ, ఊళ్ళో అందరిచేతా అద్దాలాయన అని పిలిపించుకునే నేను, తెలివి తెలివిలోనే, జ్ఞాపకం జ్ఞాపకంలోనే ఉండగా, ఒకరి ప్రోద్బలం గాని బెదిరింపు గాని లేకుండా, మనస్ఫూర్తిగా రాయించుకున్న చివరి వీలునామా ఇది. ఊపిరి ఒక్కటే సరిగా ఆడటం లేదు. అందువల్ల ఈ పత్రం చెల్లుబాటుకు లోటేమీ రాదని లాయరుగారు చెప్పారు. ఇంతకు ముందు నేను ఏదైనా వీలునామా రాసి ఉంటే అది ఇంతటితో రద్దు. రాయలేదు, అయినా అలా అనాలట.

మాకు సంతానం లేదు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యతను, మా దంపతులిద్దరికీ ఈతా డైవింగూ నేర్పిన పూల్ టీచరమ్మకు అప్పగిస్తున్నాను. ఆవిడ చెబితే నా భార్య వింటుంది. నేను చెబితే వినడం మానేసి చాలా కాలమైంది.

1. నా షాపును, అందులోని అద్దాలు అరగదీసే మిషన్లు, ఫ్రేముల స్టాకు, కంటి పరీక్ష బోర్డుతో సహా, మొదటినుంచీ కౌంటరు చూసుకుంటున్న ఆవిడకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. ఈ ఫ్రేము మీ మొహానికి నప్పలేదండీ అని కస్టమరుకు ముఖం మీదే చెప్పగల మనిషి ఆవిడ. దానివల్ల పోయిన బేరాలున్నాయి, తిరిగొచ్చిన కస్టమర్లు అంతకన్నా ఎక్కువ. పక్క వాచీల షాపాయన బోర్డు మా షట్టరు మీదికి జానెడు జరిగి ఉంది. దాన్ని వెనక్కి జరపమని అడిగే హక్కు కూడా ఆవిడకే రాసిస్తున్నాను. నేను అడిగీ అడిగీ అలిసిపోయాను.

2. మేముంటున్న ఇల్లు, బ్యాంకులో ఉన్నది, బీరువాలో ఉన్నది, నా తదనంతరం నా భార్యకు సంపూర్ణ హక్కులతో చెందాలి. దీనికి ఏ షరతూ లేదు. ఫలానా ప్రయాణం చేస్తేనే ఇల్లు అని రాయవచ్చునని లాయరుగారు సలహా ఇచ్చారు. వద్దన్నాను. షరతు పెట్టి పంపిస్తే మనిషి వెళుతుంది గాని మనసు ఇంట్లోనే ఉంటుంది.

3. ఆ ప్రయాణం సంగతి ఇక్కడ చెప్పాలి, లేకపోతే తర్వాతి క్లాజులు ఎవరికీ అర్థం కావు.

నా భార్య చేపల కోల్డ్ స్టోరేజీలో తనిఖీ ఉద్యోగం చేసి రిటైరైంది. చేప కన్ను ఉబ్బి నిగనిగలాడితే తాజాది, లోపలికి పోతే పక్కకి. పనిచేసినన్నాళ్ళూ కళ్ళు చూడటమే ఆమె పని. నాదీ అదే అని మేము నవ్వుకునేవాళ్ళం. రిటైరైన రోజు ఇంటికొచ్చి, చేతులు కడుక్కుంటూ, "ఇన్ని చేపల కళ్ళు చూశాను, ఒక్కటీ నన్ను చూళ్ళేదండీ" అంది. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు.

స్కూబా డైవింగుకు పోదామన్న ఆలోచన ఆ రోజు పుట్టింది. షాపులో మిషన్ల గది గోడకు పసిఫిక్ మహాసముద్రం మ్యాపు అంటించాను. ఏ తీరం, ఏ నెల అని రెండేళ్ళు తగువులాడుకున్నాం. పెద్ద చేపలు వచ్చే నెలల్లో అక్కడ నీళ్ళు చల్లగా ఉంటాయి. వెచ్చగా ఉండే నెలల్లో చిన్న చేపలే కనిపిస్తాయి. నాకు పెద్దవి చూడాలని ఉండేది. కాని ఐసులో పెట్టి పెట్టి ఆమె వేళ్ళ చివర్లు తెల్లబడి, సూది గుచ్చినా తెలియని స్థితికి వచ్చాయి. అందుకని వెచ్చని నెలలే ఖాయం చేశాం. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచాను. నీళ్ళలోంచి వచ్చిన వెంటనే ఆకాశంలోకి వెళ్ళకూడదు. ఆ రోజు ఏం చెయ్యాలో నేను ఏమీ అనుకోలేదు. ఊరికే కూర్చోవాలి.

ఆమె పవరుతో నేను తయారుచేసిన డైవింగ్ మాస్కును నా భార్యకు ఇస్తున్నాను. కింది అంచున చత్వారం అద్దం ముక్క అతికించాను. తల దించితే గాలి మీటరు అంకెలు కనిపిస్తాయి, ఎత్తితే చేపలు. అతికించేటప్పుడు లోపల ఒక్క గాలి బుడగ మిగిలినా పనికిరాదు. మూడుసార్లు ఊడదీసి మళ్ళీ చేశాను.

4. పూల్‌లో నేర్చుకున్నంత కాలం మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. సముద్రంలో దింపేవాళ్ళు మాత్రం ఊపిరితిత్తులు బాగున్నాయని డాక్టరు సంతకం కావాలన్నారు. ఇంట్లోనే డాక్టరుండగా దిగులేమిటి అనుకున్నాను. నా భార్య అన్నగారు, మా బావగారు, ఊపిరితిత్తుల డాక్టరు. ఆయన ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, "బావగారూ, ఇందులో గాలి బుడగ ఉంది. పైకి వచ్చేటప్పుడు పగులుతుంది. నేను సంతకం పెట్టను" అన్నారు. "నా ఊపిరి, నా ఇష్టం. మీ సంతకం మీ దగ్గరే ఉంచుకోండి" అని కేకలేసి వచ్చేశాను. ఆ బుడగ పక్కనున్న మచ్చ సంగతి తర్వాతి పరీక్షల్లో బయటపడింది. అప్పటికి ఆయనతో నాకు మాటల్లేవు. ఆ వార్త కూడా ఆయన నోట వినకుండా నా భార్య చేతే చెప్పించుకున్నాను.

అప్పటినుంచి ఆమె, "ఈ సముద్రం పిచ్చి పట్టకపోతే మీకీ జబ్బు వచ్చేదే కాదు" అంటోంది. జబ్బును కనిపెట్టింది సముద్రమే గాని తెచ్చింది కాదని ఆమెకు తెలియదా? తెలుసు. కోపం ఎవరో ఒకరి మీద పడాలి కదా, నా మీద పడటం ఇష్టం లేక సముద్రం మీద వేసింది. మ్యాపు చింపి చెత్తబుట్టలో పడేసింది. నేను తీసి, వెనక టేపు అంటించి, మళ్ళీ గోడకు పెట్టాను. నేను పోయిన మర్నాడే ఆ ప్రయాణం రద్దు చేయించేస్తుంది. నా దిగులు నేను పోతున్నందుకు కాదు. ఆమెను ఒక్క చేపా చూడకుండానే ఆమె ముసలిదైపోతుందని.

కాబట్టి, మా ఇద్దరి పేర్లతో చేయించిన ఆ ప్రయాణం బుకింగ్‌లో నా చోటును మా బావగారికి ఇస్తున్నాను. ఒకరి బదులు ఇంకొకరు రావచ్చునని అక్కడివాళ్ళు ఒప్పుకున్నారు. ఇది కసి అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. ఆయనకు నీళ్ళంటే ఎంత భయమో బంధువులందరికీ తెలుసు. మేము ఈత నేర్చుకుంటుంటే చూడటానికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషి. ఆయన ఊపిరితిత్తులకు ఆయనే సంతకం పెట్టుకోకూడదు, మరో డాక్టరు చేత పెట్టించుకోవాలి. ఈతా డైవింగూ ముందు పూల్ టీచరమ్మ దగ్గర నేర్చుకోవాలి.

ఎందుకు ఇచ్చానో కూడా చెబుతాను. నా భార్య తన కోసం ఎక్కడికీ వెళ్ళదు. భయపడే అన్నయ్యను మాత్రం ఒంటరిగా నీళ్ళలోకి పంపదు. బావగారు తన సరదాకి బకెట్టులో కాలు కూడా పెట్టరు. నాకు సంతకం పెట్టనన్న మాట గుర్తొస్తే మాత్రం కాదనలేరు. చెల్లెలే నన్ను తీసుకెళ్ళిందని ఆయనా, అన్నయ్యే నన్ను లాక్కెళ్ళాడని ఆమే అనుకుంటూ వెళ్ళిరావాలి. ఈ క్లాజును ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చదవాలని పూల్ టీచరమ్మకు మనవి.

బావగారికి ఒక్క మాట. డైవింగు ఒంటరిగా చేసే పని కాదు. గైడు అందరినీ చూస్తాడు. జతగా దిగినవాళ్ళు ఒకరినొకరే చూసుకుంటారు. ప్రతివారి దగ్గరా గాలి పీల్చుకునే గొట్టాలు రెండుంటాయి. రెండోది తనకు కాదు, జతవారికి ఊపిరి అందకపోతే ఇవ్వడానికి. మీరు ఇన్నేళ్ళూ చేసిన పని అదే, అదొక్కటి మీరు కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. మీ చెల్లెలు ఎడమ భుజం పట్టీ బిగించడం ఎప్పుడూ మర్చిపోతుంది. వేళ్ళకు స్పర్శ లేదు గదా, బిగిసిందనుకుంటుంది. అది ఇదివరకు నేను లాగి చూసేవాణ్ణి.

5. డైవింగుకు తొడుక్కునే నా కాలి రెక్కలు పూల్ టీచరమ్మకు. సైజు పెద్దవి. గోడకు తగిలించుకుంటుందో ఏం చేసుకుంటుందో ఆవిడ ఇష్టం. టేపు వేసిన మ్యాపు నా భార్యకు, ఈసారి చింపకూడదు.

6. నా గుర్తుగా ఆ సముద్రంలో పువ్వు గాని, వస్తువు గాని, మరేదీ గాని వదలకూడదు. చూడటానికి వెళ్ళినవాళ్ళు చూసి రావాలి.

7. ఈ పత్రం రాయిస్తుండగా బావగారు వచ్చారు. మంచం పక్కన నిలబడి, "సాక్షి సంతకం నేను పెడతానండీ" అన్నారు. వద్దన్నాను. మొహం చిన్నబుచ్చుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయారు. కారణం అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నా నుంచి పొందేవాడు నాకు సాక్షి కాకూడదట. అప్పుడు నేనడిగితే మీరు పెట్టలేదు, ఇప్పుడు మీరడిగితే నేను పెట్టనివ్వలేదు. చెల్లుకు చెల్లు. ఆ రోజు మీరు చేసిందే సరైన పని బావగారూ. అది చెప్పకుండా పోవడం నాకిష్టం లేదు.

ఇంకొకటి. మనకు మాటల్లేని రోజుల్లో, మరచీల ఊడిందని మీ కళ్ళజోడు షాపుకు పంపారు. మర బిగించి పంపాను. పంపే ముందు పవరు కొలిచి పెట్టుకున్నాను. కళ్ళజోడు తీస్తే మీకు ఎదురుగా ఉన్నది గోడో మనిషో తెలియదు. మీ భయం నీళ్ళంటే కాదని, కనపడకపోవడమంటేనని నాకు అప్పుడు తట్టింది. మిషన్ల గదిలో కింది సొరుగులో రెండో మాస్కు ఉంది. మొదట అది నా కోసం చేసుకున్నది. నా పవరు ఊడదీసి, మీది అతికించాను. నా చేత్తో అరగదీసిన ఆఖరి అద్దాలు అవే. దాన్ని మీకు ఇస్తున్నాను. ముందు బాత్‌రూములో తలుపేసుకుని, అది పెట్టుకుని, బకెట్టు నీళ్ళలో మొహం పెట్టండి. ఎవరూ చూడరు. అడుగు కనిపిస్తుంది.

పైన రాసినదంతా చదివించుకుని విని, సరిగానే ఉందని ఒప్పుకుని, సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.

ఆగస్టు పదకొండు, మంగళవారం.

(సంతకం)
అద్దాలాయన

సాక్షులు:
1. పక్క వాచీల షాపాయన (బోర్డు సంగతి చదివాకే సంతకం చేశాడు)
2. కోల్డ్ స్టోరేజీలో కాటా గుమాస్తా