చెవి వెనక చప్పుడు

మార్చి 4
కుడి చెవిలో మళ్ళీ అదే. బుస్... బుస్... లాండ్రీలో పగలంతా స్టీమ్ ఐరన్ ముందు నిలబడతాను కదా, ఆ చప్పుడే చెవిలో ఉండిపోయిందనుకున్నాను. సెలవు రోజు కూడా మానలేదు. మెట్లెక్కితే అదీ పరుగెడుతుంది. చెవి వెనక వేలితో గట్టిగా నొక్కితే ఆగుతుంది. వేలు తీస్తే మళ్ళీ మొదలు.

మార్చి 11
చెవులు శుభ్రంగా ఉన్నాయమ్మా, టెన్షన్ తగ్గించుకోండి అన్నాడు చెవి డాక్టర్. నా టెన్షనే ఆ చప్పుడు నాయనా అంటే నవ్వాడు.

మార్చి 19
ఓపిక లేదు.

మార్చి 27, ఉదయం 6
మా ఆయనకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. నీకన్నీ చోద్యాలేనే, రేడియో ఏమన్నా మింగావా అన్నారు. మా ఆడపడుచుకి ఫోన్ చేసి మరీ చెప్పి నవ్వుకున్నారు. అన్నాచెల్లెళ్ళిద్దరికీ నేను దొరికాను.

ఏప్రిల్ 2
చొక్కాకి బొత్తం కుడుతున్నాను. ఏదీ నీ రేడియో, నేనూ వింటాను అంటూ ఈయన వేళాకోళానికి వచ్చి నా చెవికి చెవి ఆనించారు. నవ్వు ఆగిపోయింది. వెళ్ళి టీవీ కట్టేసి వచ్చి మళ్ళీ ఆనించారు. వినబడుతోందే, నిజంగానే వినబడుతోందే అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నేనేమన్నా అబద్ధాలు చెప్పానా అని అరిచాను. సూది ఎక్కడ పడిందో ఇంకా దొరకలేదు.

ఏప్రిల్ 9
ఈయనే న్యూరో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ చెవి వెనక స్టెతస్కోప్ పెట్టి, వెంటనే స్కాన్ చేయించింది. మెదడు మీది పొరలో ధమని ఒకటి నేరుగా సిరలో కలిసిపోయిందట. ప్రెషర్‌తో వచ్చే రక్తం పల్చటి సిరలోకి దూకుతోందట. నేను వినేది ఆ హోరేనట. వదిలేస్తే సిర ఎప్పుడైనా చిట్లి మెదడులో రక్తం కారొచ్చట. తొడ దగ్గర్నుంచి సన్నటి ట్యూబ్ పంపి, జిగురులాంటి మందుతో దారి మూసేస్తారట. అందులోనూ రిస్క్ ఉంది, కాలూ చెయ్యీ పడిపోవచ్చు అంది.

సిగ్గు లేకుండా రాస్తున్నాను. మొదట నాకు కలిగింది సంతోషం. పిచ్చిదాన్ని కాదన్నమాట. భయం ఇంటికొచ్చాక, చెప్పులు విప్పుతుంటే వేసింది.

ఏప్రిల్ 15
ఆపరేషన్ రేపే. ఈయన సంచి సర్దారు. నా బట్టలన్నీ నలిపి కుక్కారు. ఇస్త్రీ చేసి బతికేదాని బట్టలు ఇలాగా పెట్టేది అని తిట్టాను. ఇంకా తిట్టవే అన్నారు.

ఏప్రిల్ 18
చేతులు కదిలాయి. కాళ్ళూ కదిలాయి. చెవిలో ఏమీ లేదు. బతికే ఉన్నానా అని మణికట్టు పట్టుకుని చూసుకున్నాను.

మే 6
పొద్దున్నే వచ్చి చెవికి చెవి ఆనించారు. రోజూ ఇదే పని. ఏమీ లేదే అన్నారు.
చెవి మాత్రం తియ్యలేదు.