మూడు ఫ్యాన్ల కార్డు పట్టదు

బోధన్, 7 జనవరి 2025

తమ్ముడు సాయికుమార్‌కు,

పొద్దున వడియాలు పెట్టి, బట్టలు ఉతికి, మీ బావ కంప్యూటర్ డబ్బా విప్పి టేపుతో కొలిచాను. నువ్వు పంపిస్తానన్న మూడు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు రెండంగుళాలు పొడవెక్కువ. మా పాత పవర్ సప్లై కూడా దాన్ని మోయలేదు.

ఆదివారం కోటగిరి స్నేహితుడితో మీ బావకు కంప్యూటర్‌లో ట్రాక్టర్ ఆట పోటీ ఉంది. ఇక్కడేమో తెర మీద ట్రాక్టర్ ఆగి ఆగి నడుస్తోంది. ఇప్పటికే రెండుసార్లు ఓడారు.

"డబ్బా రేకు కోద్దాం, పడ్తది" అన్నారు.

"బీరువ పట్టకుంటే గోడ కోస్తమా?" అన్నాను.

"నిరుడు నీ ఫ్రిజ్ కోసం దర్వాజ కోయిపిచ్చింది ఎవరే?"

నేను మాట మార్చాను.

వేరే కరెంటు వైరు అక్కర్లేని నీ పాత చిన్న కార్డే మాకు చాలు. శనివారానికి అందేలా పంపు. బదులుగా ఐదు కిలోల కొత్త బెల్లం బస్సులో వేశాను. కార్డు బాకీ చెల్లు.

మీ అక్క