పోశన్న ఒంటి మీది నీలం బట్టలు

హమద్ టౌన్, బహ్రెయిన్

మా రాజక్కకు నీ తమ్ముడు మల్లేశం దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉన్నారనుకుంటాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నా తిండి గురించి బెంగపడకు, రోజూ వండుకొని తింటూనే ఉన్నాను.

మొన్న నువ్వడిగినదానికి జవాబు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను, ఏమీ అనుకోకు. శవప్పెట్టె తెరిచినప్పుడు పోశన్న ఒంటి మీదున్న ఆ నీలం బట్టలు ఎవరివని లక్ష్మి వదిన అడుగుతున్నదన్నావు. సముద్రంలో చలికి బిగుసుకుపోయి చనిపోయాడని, ఎవరివో బట్టలు తొడిగి పంపించారని ఊళ్లో అనుకుంటున్నారన్నావు. ఇదంతా ఫోన్‌లో చెప్పడం నావల్ల కాదు అక్కా. అందుకే రాసి, సెలవు మీద ఊరికి వస్తున్న, మాతోనే పనిచేసే రాజం చేతికిస్తున్నాను. వదిన పక్కన కూర్చొని నిదానంగా చదివి వినిపించు.

ఆ బట్టలు పోశన్నవే. ఆయన తన చేతులతో ఏరుకొని కొనుక్కున్నవే.

మా పని నీకు తెలిసిందే, నీళ్లలో మునిగి ఓడల అడుగున పట్టిన పాచి, గుల్లలు గీకడం. గోదావరిలో ఈదినవాళ్లమని నన్నూ పోశన్ననూ ఈ పనికి తీసుకున్నారు. ఇక్కడ ఎప్పుడూ ఎండలేనని మీరనుకుంటారు గానీ, చలికాలంలో గంటల తరబడి నీళ్లలో ఉంటే చలి ఎముకల్లోకి దిగుతుంది. అందరికంటే పోశన్నకే చలి ఎక్కువ. పైకొచ్చాక చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా తొణికేది. "దుబాయి అంటే ఉడుకు అనుకొని వస్తిమి గదరా, గిదేం సలిరా నాయనా!" అని మమ్మల్ని నవ్వించేవాడు. ఆయనకు గల్ఫ్ అంతా దుబాయే.

ఈ చలికాలం కంపెనీవాళ్లు డ్రైసూట్లు ఇచ్చారు. మెడ నుంచి పాదాల దాకా నీళ్లు చొరకుండా ఉండే తొడుగు అది. కానీ దానికి సొంతంగా వెచ్చదనం లేదు. వెచ్చదనమంతా లోపల వేసుకునే బట్టలదే, అవి ఎవరివి వాళ్లు చూసుకోవాలి. మొదట పోశన్న రెండు నూలు బనియన్లు వేసుకొని దిగాడు. గీకుతుంటే చెమట పట్టి బనియన్లు తడిశాయి. చేయి ఆపగానే ఆ తడి ఒంటికి మంచులా అంటుకుంది. పైకొచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయి.

ఆ శుక్రవారం ఇద్దరం జుఫైర్‌లో ఈత సామాను అమ్మే దుకాణానికి వెళ్లాం. అక్కడి బిజు అనే మలయాళీ హిందీలో చెప్పాడు: "కాటన్ వద్దే వద్దు భాయ్. ఒంటికి ఆనుకొని పల్చటి ఉన్నిది వేసుకో. దాని మీద ఇట్లాంటి మందపుది."

పోశన్న ఆ ఉన్నిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మల్లేశా, గొంగడి లెక్కనే ఉన్నదిరా! మా తాత వానల తడిసిన గొంగడే కప్పుకొని పండెటోడు. గప్పుడు గూడ ఎచ్చగనే ఉంటుండె."

మందపు వాటిల్లో అన్నిటికంటే లావుది తీశాడు. బిజు తల అడ్డంగా ఊపాడు. అంత లావుదైతే మనిషి తేలిపోతాడట, మునగడానికి నడుముకు ఇంకా సీసం బరువులు కట్టుకోవాలట. పైన తొడుగు బిగుసుకుపోతే లోపల గాలి నిలవక మళ్లీ చలేనట. ఇంకోటి తొడిగించి కూర్చోమన్నాడు, లేవమన్నాడు, చేతులు పైకెత్తమన్నాడు. దుకాణం నడిమధ్య పోశన్న గుంజీలు తీస్తుంటే అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

అదే ఈ నీలం జత. ముందు జిప్పు, లోపల గొర్రెపిల్ల వీపులా మెత్తన. అద్దం ముందు నిలబడి ఏమన్నాడో వదినకు ఉన్నదున్నట్టు చెప్పు: "మా లక్ష్మి జూసిందనుకో, పసిపోరడని సంకనెత్తుకుంటదిరా!" ఫోటో తీస్తానంటే వద్దన్నాడు. "ఇంటికి పోయినంక తొడుక్కొని నేనే జూపిస్త."

ఆ తర్వాత ఆయనకు నీళ్లలో చలి పెట్టలేదక్కా. పైకొచ్చి, "ఇగ మంచిగున్నదిరా" అనేవాడు.

ఆయన పోయింది నీళ్లలో కాదు. సెలవు రోజు, మా క్యాంపు గదిలో, తన మంచం మీద. పప్పన్నం తిని, "జర నడుము వాలుస్త, చాయ్ కాంగనే లేపు" అన్నాడు. నేను అదే గదిలో బట్టలు మడత పెట్టుకుంటున్నాను. మూలుగు లేదు, పిలుపు లేదు. చాయ్ పట్టుకొని భుజం తట్టాను. లేవలేదు. అంబులెన్సు వాళ్లు వచ్చి ఛాతీ మీద ఒత్తి చూశారు. ఆసుపత్రిలో డాక్టర్ గుండె ఆగిందన్నాడు. అంతకంటే నాకు తెలియదు, తెలియనిది రాయను.

ఇంటికి పంపే ముందు ఒక జత బట్టలు తెమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు తీసుకుపోయాను. శవాల గదిలో ఆయన చేయి పట్టుకున్నాను. ఎంత చల్లగా ఉందో ఎలా చెప్పను? చలంటే భయపడే మనిషి. ఆ పల్చటి చొక్కా వేయడానికి చేతులు రాలేదు. మళ్లీ క్యాంపుకు పోయి నీలం జత తెచ్చాను.

"గిదేం బట్టలురా? ఇంటోళ్లు ఏమనుకుంటరు?" అని రాజం కోప్పడ్డాడు.

"ఇంటికి పోయినంక తొడుక్కుంట అన్నడు గద" అన్నాను. రాజం వచ్చి, బట్టలు తొడగడానికి పోశన్న కాళ్లు ఎత్తి పట్టుకున్నాడు. అక్కడ పనిచేసే ముసలి పాకిస్తానీ చాచా చేతులు తొడిగించాడు. మెడ దాకా జిప్పు నేనే వేశాను. వదిన పెట్టె తెరిచి ఏమనుకుంటుందో ఆ వేళ నాకు తట్టలేదు.

చితి మీద పెడతామంటే వదిన ఆ బట్టలు ఇవ్వలేదన్నావు. మంచిదే, ఉంచుకోనీ. ఉతికితే వేడినీళ్లు పోయవద్దని చెప్పు, నీడన ఆరేయాలి. ఎవరేమన్నా పట్టించుకోవద్దను.

నేను మళ్లీ పనిలోకి వెళ్తున్నాను. నాకు జతగా ఫిలిప్పీన్స్ అతన్ని వేశారు, మంచివాడు. ఓడ కింద ఒకరికొకరం కనబడనప్పుడు నేనూ పోశన్నా ఓడ ఇనుము మీద రెండు దెబ్బలు కొట్టుకునేవాళ్లం. బాగున్నావా అని ఒకరు కొడితే, బాగున్నానని రెండోవారు కొట్టేవారు. నిన్న అలవాటు కొద్దీ కొట్టాను. జవాబు రాలేదు. మళ్లీ కొట్టాను. కొత్తతనికి ఆ సంగతి తెలియదు గదా, నాకేదో అయిందని ఈదుకుంటూ వచ్చి నా చేయి గట్టిగా పట్టుకొని పైకి తీసుకొచ్చాడు. నాకేమీ కాలేదని చెప్పినా చాలాసేపు నా చేయి వదలలేదు.

బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. పోశన్న వాళ్లమ్మకు ఇదంతా చదవవద్దు. ఊరికే పోయి కాసేపు ఆమె దగ్గర కూర్చో, మల్లేశం అడిగిండని చెప్పు. నన్ను దీవించు అక్కా. నేను బాగానే ఉన్నాను, నిజంగానే బాగున్నాను.

నీ తమ్ముడు,
మల్లేశం