మీ వదిన గరిటె, ముగ్గురి ప్రార్థనలు

చెల్లీ, వరద తీసింది, నేనూ మీ వదినా క్షేమం, ఏడుపు ఆపు. ఇళ్లలో బురద ఆరేదాకా ఊరంతా మసీదు వసారాలో ఉన్నాం, వంట ఒక్కటే. పరాయి దేశాలవాళ్లు సాయంగా మంచులో తొడిగే కోట్లు పంపారు. తొడిగితే ఎలుగుబంట్లలా ఉన్నాం కానీ తలగడలుగా భేషు. అసలు సంగతి ఇది. మొన్న పూజారి, ఇమాము, పాస్టరు వరసగా ప్రార్థించేసరికి అన్నం చల్లారి, పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. మీ వదిన గరిటె ఎత్తి, "అయ్యల్లారా, అన్నం ఉడికేలోపే కానివ్వండి. దేవుడు పొయ్యి దగ్గరైనా వింటాడు, ఆకలే ఎవరి మాటా వినదు!" అంది. ముగ్గురూ నవ్వేశారు. అప్పట్నుంచి ఉడకడం, ప్రార్థన ఒకేసారి ముగుస్తున్నాయి.

నీ దగ్గరికి రమ్మన్నావు. మీ వదినేమో "వీళ్లనెవరికి అప్పగించి రాను?" అంటోంది, ఇద్దరికి వండితేనే నడుం నొప్పన్న మనిషి! నువ్వే రా. ఉల్లిపాయలు తరగడానికి నేను పనికిరానట. బావకూ పిల్లలకూ మా ఇద్దరి దీవెనలు.

అన్నయ్య