రాగి తీగ రొయ్య

ఫిబ్రవరి 4, బుధవారం

గాలానికి ఎరగా ఐదో బొమ్మ రొయ్య పూర్తి. కొక్కెం మీద ఇరవై రెండు చుట్లు రాగి తీగ — షాపులో కాలిపోయిన మోటారు విప్పగా వచ్చినది. పైన నాటు పుంజు మెడ ఈకలు. కళ్లకు నైలాన్ దారం కొసలు కాల్చి చేసిన నల్లటి గుండ్లు. ఫోన్‌లో చూసిన వీడియోలో ఒక చలి దేశపు మనిషి వాగు చేప కోసం పురుగు బొమ్మకు ఇలాగే బరువు చుడతాడు. మనకు ఆ వాగూ లేదు, ఆ చేపా లేదు. కాలువ వంతెన కింద మడుగులో పండుగప్ప ఉంది. అది రొయ్య తింటుంది. కనుక రొయ్య.

మోటార్లకు తీగ చుట్టేవాణ్ణి, ఈ పని నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇరవయ్యేళ్లుగా ముత్తుకూరులో నా బతుకు అదే.

ఫిబ్రవరి 5

ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు. నలభై ఒక్క విసురు. ఒక్క తాకిడి లేదు.

ఫిబ్రవరి 7, శనివారం

చేపలు పట్టే పోలయ్యన్న పడవ ఆపి నవ్వాడు. ఈ పక్షం వంతెన మడుగులో చేపలు పట్టే వంతు ఆయనది. ఊళ్లవాళ్లు కూర్చొని చీట్లు వేస్తే ఆయన పేరు వచ్చింది. ఆయన సరే అన్నందువల్లే నేను గాలంతో అక్కడ నిలబడగలుగుతున్నాను. బొమ్మను అరచేతిలో వేసుకొని తిప్పి చూశాడు.

"ఏంది సారూ ఇది?"

"రొయ్య."

"రొయ్యే. ఉడికిన రొయ్య! నీళ్లల్లో ఎర్ర రొయ్య యాడుంటాది? ఇగురులో ఉంటాది!"

పడవ కొసన కూర్చున్న ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుంది. "రోంత కొత్తిమీర గూడా కట్టండి సారూ."

ఇన్నేళ్లు రొయ్యల గుంటల గట్ల మీదే కూర్చొని మోటార్లు బాగుచేశాను. తల వంచి మోటారునే చూశాను. రొయ్యను చూసింది కంచంలో... రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాయాలి. తప్పు సంఖ్య ఒకటి: రంగు.

ఫిబ్రవరి 8, ఆదివారం

పోలయ్యన్న కుండలో పెట్టి ఇచ్చిన బతికున్న రొయ్యలు ఆరు. నా భార్య సుగుణ పప్పు వడ్డించే గాజు గిన్నెలో వదిలాను. మూడు గంటలు చూశాను.

రంగు — గాజు. లోపల బూడిద, అంచున లేత ఆకుపచ్చ.

నడక — తీరిగ్గా ఉంటే ముందుకు. పెన్సిల్ కొసతో తాకితే... వెనక్కి! తోక ముడిచి ఒక్క ఊపున వెనక్కి! ఆరింటినీ తాకి చూశాను. ఆరూ అంతే.

నేను కళ్లు పెట్టింది దారం ముడి వేసే వైపు. లాగితే నా రొయ్య తల ముందుగా పరుగెత్తుతుంది. బెదిరిన రొయ్య ఏదీ అలా పారిపోదు. కళ్లు కొక్కెం వంపు దగ్గర ఉండాలి. తప్పు సంఖ్య రెండు. ఇంత ఆనందం ఇచ్చిన తప్పు ఇంకొకటి లేదు.

సుగుణ: "ఆ గిన్నెలో ఇంక నేను పప్పు పోయను. మీరే ఉంచుకోండి."

ఫిబ్రవరి 10

రాగి మీద కాయిల్‌కు కట్టే తెల్ల నూలు టేపు. తడిస్తే బూడిద రంగే! ఆరో, ఏడో, ఎనిమిదో బొమ్మలు — మూడూ పోయాయి. వంతెన స్తంభాల నిండా ఆల్చిప్పలు. బరువు ఎక్కువై అడుగుకు దిగి అక్కడే ఇరుక్కుంటున్నాయి.

ఫిబ్రవరి 11

బకెట్‌లో పరీక్ష. ఇరవై రెండు చుట్లు — రాయిలా. పద్దెనిమిది — అప్పటికీ తొందరే. పద్నాలుగు — నాలుగు సెకన్లు, మెల్లగా, ఊగుతూ. బరువంతా ఒక పక్కకే చేర్చి కడితే నీళ్లలో బోర్లాపడి ముల్లు పైకి తిరుగుతుంది. ఇక ఆల్చిప్ప పట్టదు. బకెట్ ముందు గొంతుక్కూర్చొని ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

తాకింది. పదో బొమ్మ. దారం మీద ఒక్క గట్టి తట్టు — మోచేతి దాకా వచ్చింది. నేను కంగారుపడి ముందే లాగేశాను.

తాకింది!

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. షాపు మూత. సుగుణ ఉపవాసం. "ఈరోజు చేపతో వస్తే ఇద్దరూ గుమ్మం బయటే." వెళ్లలేదు. పదకొండోది కట్టాను. ఇంత బాగా ఏదీ కుదరలేదు.

మిగిలినవి రెండు రోజులు. మంగళవారం అమావాస్యతో పోలయ్యన్న వంతు పూర్తి. తర్వాత అవతలి ఊరి మునెయ్యది. అతను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వల కడతాడని పోలయ్యన్నే చెప్పాడు. "గాలమోణ్ణి రానీడు సారూ. పోయినేడు ఒకడి కర్ర ఇరిచి చేతిలో పెట్టినాడు." పోలయ్యన్న చీటీ మళ్లీ ఎప్పుడు వస్తుందో ఆయనకే తెలియదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

అక్షరాలు వంకర. క్రమంగా రాస్తాను.

నీళ్లు సముద్రం వైపు తిరిగిన మొదటి గంట. పదకొండో బొమ్మ, పంతొమ్మిదో విసురు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... చిన్నగా ఒక లాగు. ఆపాను. ఇంకొక లాగు.

పట్టింది. తట్టు కాదు — మింగేసింది! కర్ర వంగి కొస నీటిని తాకింది. చేప ఒక్కసారి పైకి లేచి తల విదిల్చింది. ఎంత పెద్ద నోరు... పోలయ్యన్న పడవలో లేచి నిలబడి అరుస్తున్నాడు. "దారం ఇడవబాక సారూ! ఇడవబాక! స్తంభం తట్టుకు పోనీబాక!"

పోయింది. స్తంభం చుట్టూ తిరిగింది. ఆల్చిప్ప అంచు. దారం ఒక్కసారిగా తేలిక.

కొస చూశాను. కత్తితో కోసినట్టు ఉంది. ముడి తప్పు కాదు. బొమ్మ తప్పు కాదు. సన్నదారం వాడినది నేను. తప్పు సంఖ్య మూడు.

పోలయ్యన్న పడవను గట్టుకు తెచ్చాడు. తర్వాత — "తినింది గదా సారూ. నేను జూసినా."

ఫిబ్రవరి 18

వంతు మారింది. షాపులో ఒకే కాయిల్ చుట్లు రెండుసార్లు తప్పు లెక్కపెట్టాను.

ఫిబ్రవరి 19, గురువారం

మధ్యాహ్నం పోలయ్యన్న ఫోన్. మునెయ్య వలలో పెద్ద పండుగప్ప పడిందట.

"పై దవడలో నీ రొయ్య సారూ! ఈక గూడా ఊడలా!"

షాపు మధ్యలో నిలబడి కేక పెట్టాను. మోటారు కోసం వచ్చిన రైతు బెదిరిపోయాడు.

"మునెయ్య ఏమన్నాడు?"

"ఇది కట్టినోడెవడన్నాడు. చెప్పినా. రేపు పొద్దున్నే గట్టు కాడికి రమ్మను అన్నాడు."

"ఎందుకు?"

"అది చెప్పలా. నవ్వనూ లేదు, కోప్పడనూ లేదు. రొయ్యని జేబులో ఏసుకొని పోయినాడు."

నోటుబుక్కులో పదకొండో వరుస — చుట్లు: పద్నాలుగు. మునక: నాలుగు సెకన్లు. తాకిడి: అవును. ఫలితం: 'పట్టాను' అని పెన్సిల్‌తో రాసి చెరిపాను. 'పోయింది' అని రాసి అదీ చెరిపాను. కాగితం నలిగింది.

సాయంత్రం పన్నెండోది కట్టాను. ఒకటి సరిపోదేమోనని పదమూడోది కూడా.

రేపటికి — టోపీ. లావు దారం. రెండు బొమ్మలు, అగ్గిపెట్టెలో.

గాలపు కర్ర — ఇప్పటికి రెండుసార్లు బండికి కట్టి, రెండుసార్లు విప్పాను.