చెరిపించిన మాట

శ్రీవారికి,

ఇక్కడ నేను, అత్తయ్య, పాప కులాసాగానే ఉన్నాం. మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తానని రాయడం చేతికి అలవాటే గానీ, ఈసారి కలం ఆగిపోయింది. కాలికి కట్టుతో, చెవుల్లో దూదితో పడుకున్న మనిషికి ఆ మాట ఎలా రాయను? ఎముక తొందరగా అతుక్కోవాలని, కనీసం ఒక చెవైనా మళ్లీ వినబడాలని కోరుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

మీ ఉత్తరం అందింది. పడుకుని రాసినట్టున్నారు, అక్షరాలన్నీ కొండ దిగిపోతున్నాయి. అత్తయ్య నాచేత రెండుసార్లు చదివించుకుని, "వీడి రాత చిన్నప్పుడూ ఇంతే, మాస్టారు ఊరికే కొట్టలేదు" అన్నారు. అంటూనే కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఆవిడ మోకాలి నొప్పి తగ్గింది. పాప అన్నం బాగానే తింటోంది. మీరు చాలా ప్రశ్నలు అడిగారు. ఒకదానికి మాత్రం కాస్త ధైర్యం కూడగట్టుకుని రాయాలి. మిగతావి ముందు చెప్పేస్తాను.

మైకు ముందు గొంతుతో నటించే శిక్షణ ఎలా సాగుతోందని అడిగారు. మా టీచరమ్మ మీరు ఊహించినదానికంటే గట్టి మనిషి. ఇన్నేళ్లు స్టేజీ మీద ఆఖరి వరసకు వినబడేలా అరిచిన నా గొంతును మొదటి రోజే పక్కన పెట్టించింది. "మైకంటే ఏవనుకున్నావ్ అమ్మాయ్? వినేవాడు నీ పెదాల దగ్గర చెవి పెట్టి కూర్చున్నాడు. అక్కడ అరిస్తే చెవి మూసుకుని పారిపోడూ?" అంది. మూతి ముందు పల్చటి కాగితం పట్టుకుని 'ఫలానా భార్య భయపడింది' అని చెప్పాలి, ఊపిరి తగిలి కాగితం కదలకూడదు. మొదట్లో నా కాగితం గాలిపటంలా ఎగిరేది. ఇక పెదాలు వదులు చేసుకుని గుర్రంలా బుర్రుమనడం ఒకటి ఉంది. అది ఇంట్లో సాధన చేస్తుంటే పాప చూసి నేర్చుకుంది. నోట్లో పాలుండగా బుర్రుమంది. అత్తయ్య కళ్లజోడు కడుక్కోవాల్సి వచ్చింది.

"నా సంగతి నీకు ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు?" అని అడిగారు కదా. చెబుతాను.

ఆ రోజు ఆడియో సీరియల్ రికార్డింగ్. ఫ్యాక్టరీ ప్రమాదంలో మొగుడు పోయాడన్న వార్త భార్య వినే ఘట్టం, భార్య నేను. పొద్దుట్నుంచి అదే సీను. ఎన్నిసార్లు చేసినా టీచరమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. నేను గాజు అద్దానికి ఇవతల చిన్న గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాను. అవతల సౌండ్ ఇంజనీరు, డైరెక్టరు, టీచరమ్మ. ఫోన్లు గదిలోకి తీసుకెళ్లనివ్వరని నా ఫోను ఇంజనీరు బల్ల మీదే పెట్టాను. మళ్లీ టేకు మొదలైంది. ఎర్ర లైటు వెలిగింది. నేను ఊపిరి తీసుకున్నాను.

అప్పుడు ఇంజనీరు నా ఫోను ఎత్తాడు. మామూలుగా ఎత్తడు. వరసగా మోగుతూనే ఉందట, మీ సైటు ఆఫీసు పేరు కనబడిందట. అద్దంలోంచి అతని పెదాలు కదలడం కనిపించింది, మాట వినబడలేదు. డైరెక్టరు లేచి నిలబడ్డాడు. టీచరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వాళ్లు ముగ్గురూ ఒక్కసారి నావైపు చూశారు. ఆ చూపుతోనే సగం చచ్చిపోయాను. టీచరమ్మ వంగి మాట్లాడే బటన్ నొక్కింది.

"అమ్మాయ్, ముందు కూర్చో."

"ఏంటి టీచరమ్మా?"

"మీ ఆయన పని చేసే సొరంగం కూలిందటమ్మా. ఆయన..." ఆపైన గొంతు ఆగిపోయింది. ఊపిరి మీద అంత పట్టున్న మనిషి!

నేను అరవలేదు. ఏడవలేదు. "కాదండీ, ఆయనకి ఇవాళ సెలవు" అన్నాను. గుమ్మంలో పాలవాడితో మాట్లాడినట్టు, అంత మర్యాదగా. ఆ రోజు మీకు సెలవు కాదు. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. తర్వాత కుర్చీ కిర్రుమన్న చప్పుడు. అంతవరకే నాకు గుర్తుంది.

మధ్యాహ్నం దాకా నేను విధవనే. అత్తయ్యకి ఎలా చెప్పాలో తెలియక స్టూడియో మెట్ల మీదే కూర్చుండిపోయాను. టీచరమ్మ నా చెయ్యి వదలలేదు. అప్పుడు ఆస్పత్రి నుంచి ఫోను. "ఇక్కడొకాయన ఉన్నారు, మేం అడిగేది ఆయనకి వినబడట్లేదు. కాగితం మీద మీ నంబరు రాసిచ్చారు. కింద 'బతికే ఉన్నాను, కంగారు పడకు' అని రాశారు" అంది నర్సు. నేను నవ్వాను. మెట్లు ఎక్కేవాళ్లు ఆగి చూసేంత గట్టిగా నవ్వాను. టీచరమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచి, తను ఏడ్చింది.

ఇప్పుడు మీకు చెప్పడానికి సిగ్గుపడే సంగతి. రికార్డింగు ఆపలేదండీ. అంత గందరగోళంలో ఆ ఎర్ర లైటు ఎవరికీ గుర్తు రాలేదు. మిమ్మల్ని చూసి నేను తిరిగొచ్చిన మర్నాడు డైరెక్టరు పిలిచి, "చెల్లెమ్మా, తప్పుగా అనుకోవద్దు, ఒక్కసారి విను" అని వినిపించాడు. ఊపిరి, నిశ్శబ్దం, 'కాదండీ, ఆయనకి ఇవాళ సెలవు', కుర్చీ చప్పుడు. నాకు ఒళ్లు జలదరించాలి కదా? మొదట నాకు తట్టింది ఏంటో తెలుసా? 'ఎంత బాగా వచ్చింది!' అని. నా మొగుడి చావు కబురు విన్న నా గొంతును నేనే పరాయిదాన్లా మెచ్చుకున్నాను. "సీరియల్లో ఇదే పెట్టుకుంటాను, ఎవరూ ఇలా నటించలేరు" అన్నాడాయన. సరే అన్నాను. ఇంటికొచ్చి అద్దంలో మొహం చూసుకుంటే, నాలో ఇలాంటి మనిషి ఉందా అని భయమేసింది.

తర్వాత మనసు ఎందుకు మార్చుకున్నానో చెప్పాలంటే, మీతో సొరంగంలో పనిచేసే అన్నయ్య గురించి మీరడిగిన ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పాలి. "పొడుగన్నయ్య ఎలా ఉన్నాడు, ఏ వార్డులో ఉన్నాడు, ఎవరినడిగినా మొహం తిప్పుకుంటున్నారు" అని రాశారు. మీరు కాస్త కోలుకునేదాకా చెప్పొద్దని డాక్టరుగారు అందరినీ కట్టడి చేశారు. నేను వచ్చినప్పుడూ పలక మీద 'బాగున్నాడు' అని రాసి చూపించాను. అది అబద్ధం. నిన్న డాక్టరుగారు ఫోన్ చేసి, "ఇక చెప్పొచ్చమ్మా, మీరు చెబితేనే నయం" అన్నారు.

అన్నయ్య లేడండీ. ఆ రోజే పోయాడు. రాళ్ల కింద నుంచి తీసేసరికి ఒంటి మీద మీ కోటు ఉంది, జేబులో మీ గుర్తింపు కార్డు ఉంది. మొహం చూసి గుర్తుపట్టే పరిస్థితి లేదు. అందుకే ఆ కబురు నాకొచ్చింది. వదినకి రావాల్సిన కబురు నేను విన్నాను. నేను మెట్ల మీద పడీపడీ నవ్వినప్పుడు ఆవిడ ఇంట్లో ఇంకా ఏమీ తెలియకుండా బట్టలు ఆరేసుకుంటోంది.

ఇది చదివి మీరు పక్కన పడేసి గోడవైపు తిరుగుతారని తెలుసు. తిరగండి. తర్వాత మళ్లీ చదవండి, ఇంకా చెప్పాల్సింది ఉంది.

డైరెక్టరుకి సరేనన్న మర్నాడు వదిన దగ్గరికి వెళ్లాను. అప్పటికి అన్నీ అయిపోయాయి, చుట్టాలు కూడా వెళ్లిపోయారు. తలుపు తట్టాను. ఆవిడ తీసి, నన్ను గుర్తుపట్టకుండానే, "ఆయన లేరండీ, డ్యూటీకి వెళ్లారు, సాయంత్రం రండి" అంది. ఎంతో మర్యాదగా. అన్నాక తనే నిర్ఘాంతపోయి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. అది రికార్డింగులో విన్న నా గొంతే. అదే మెత్తదనం, అదే మర్యాద, అదే ఊపిరి. నేను మెచ్చుకున్నది దీన్నా అనుకున్నాను. ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చింది. "మీకొచ్చిన కబురు నాకొచ్చేసిందమ్మా" అంది.

అటునుంచి అటే స్టూడియోకి వెళ్లాను. "అది తీసేయండి" అన్నాను.

డైరెక్టరు తెల్లబోయాడు. "నువ్వే ఒప్పుకున్నావు కదమ్మా! పైగా అది నీ గొంతు, ఇంకెవరికి నష్టం?"

"అది విని ఒకావిడ తన గొంతే అనుకుంటుంది."

"వేలమంది వింటారు, ఆ ఒక్కావిడ కోసం..."

టీచరమ్మ మధ్యలో అందుకుంది. "నాయనా, ఆ సీను ఈ పిల్లచేత నేను చేయిస్తాను. టైము పడుతుంది, ఆగు. ఆగలేకపోతే వేరే దాన్ని చూసుకో, నన్ను కూడా మార్చుకో." ఆయన చాలాసేపు పెన్ను కొరుక్కున్నాడు. చివరికి ఇంజనీరు వైపు చెయ్యి ఊపాడు. ఇంజనీరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా కళ్ల ముందే చెరిపేశాడు. అతను కూడా ఆ రోజు నుంచి సరిగ్గా నిద్రపోలేదని అప్పుడు చెప్పాడు.

మొన్న ఆ సీను చేశాను. కాగితం కదలలేదు, ఊపిరి తప్పలేదు, చెప్పాల్సినంత చెప్పాను. అంత బాగా రాలేదు. బాగానే వచ్చింది. అది చాలు.

మంగళవారం బండికి బయలుదేరి వస్తున్నాను. నాతో వదిన కూడా వస్తోంది. వద్దని చెప్పలేకపోయాను, మీరూ చెప్పకండి. ఆవిడకి మీ మీద కోపం లేదు. ఒక్కటే అడగాలట. ఆ కోటు చేతులు అన్నయ్యకి మోచేతుల దాకా కూడా రావు కదా, అయినా ఎందుకు వేసుకున్నాడు, ఆ పొద్దున బాగా చలేసిందా, తనే అడిగాడా, మీరే ఇచ్చారా? ఇంటి నుంచి శాలువా లేకుండా పంపానని ఆవిడ కుమిలిపోతోంది. ప్రశ్న నేను రాసి చూపిస్తాను. జవాబు మాత్రం మీరు రాయొద్దు, నోటితో చెప్పండి.

నర్సు చెప్పింది, మీ మాట మీకు వినబడట్లేదని మాట్లాడటమే మానేశారట. ఎక్కువ అరుస్తానేమో, తక్కువగా గొణుగుతానేమో అని భయమట. అరచెయ్యి గుండె మీద, గొంతుకి కాస్త కింద పెట్టుకోండి. మాట్లాడితే అక్కడ సన్నగా మోగుతుంది. హెడ్‌ఫోన్స్ తీసేసినప్పుడు మేమూ అలాగే చూసుకుంటాం. చెయ్యి వణికితే ఎక్కువైనట్టు, మోత అందకపోతే తక్కువైనట్టు. రేపట్నుంచే మొదలుపెట్టండి. ముందు పాపని పిలవండి, తర్వాత అత్తయ్యని, తర్వాత నన్ను. మంగళవారానికి కుదురుతుంది. ఆ రోజు అన్నయ్య ఏమన్నాడో ఆవిడకి చెప్పగలిగింది మీరొక్కరే. మీకు వినబడకపోయినా, మేం వింటాం.

ఇట్లు,
మీ ఆవిడ